నేను ఆడిన భాయ్

"నువ్వు సాయిబువైనా తెలుగు ఎంత బాగా మాట్లాడతావో!"

ఈ మాట నాతో మొదట ఎవరన్నారో గుర్తులేదు. ఎంతమంది అన్నారో లెక్కలేదు. అన్నవాళ్లలో ఒక్కరికీ నన్ను అవమానించాలన్న ఆలోచన లేదు, మెచ్చుకున్నారు అంతే. నేనూ చాలాకాలం దాన్ని మెప్పుగానే తీసుకుని నవ్వి ఊరుకున్నాను. మా జేజి బడి మొహం చూడలేదు. ఆమెకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ఆమె తల్లికీ రాదు. నంద్యాల వైపు పల్లె మాది, దూదేకులవాళ్లం. సర్టిఫికెట్ మీద బీసీ-బి. మా ఇళ్లల్లో ఆడోళ్లు హుస్సేనమ్మలు, పీరమ్మలు, మగోళ్లు దస్తగిరప్పలు, ఫకీరప్పలు. నమాజుకు కావలసిన నాలుగు ముక్కలు పోగా మా నోట్లో అరబ్బీ లేదు. ఉర్దూ అసలే లేదు. పట్నం తురకలు మమ్మల్ని చూసి "వీళ్లకు జబాన్ లేదు" అంటారు. హిందువులు "అరె, వీళ్లకు తెలుగొచ్చే!" అంటారు. మాకున్న ఆ ఒక్క భాషా అటు జమ కాదు, ఇటు జమ కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మాటతో విసిగి విసిగి, ఒకరోజు నేను వాళ్లు కోరుకున్న సాయిబునే తయారుచేసి వాళ్ల చేతిలో పెట్టాను.

2018 చివర్లో. చేతిలో కొత్త ఫోను, చేసేది చిన్న ఉద్యోగం, రాత్రిళ్లు ఖాళీ. టిక్‌టాక్‌లో అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. మెడలో గళ్ల తువ్వాలు, నెత్తిన టోపీ, కళ్లకు సుర్మా పెట్టుకుని పదిహేను సెకన్లు మాట్లాడాను. ఆ భాషను మా ఇంట్లో ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తెలుగు సినిమాల్లో నేర్చుకున్నాను. హీరో పక్కన తిరిగే సాయిబు, "నింకీ మాంకీ" అనే సాయిబు, మగను ఆడ చేసి ఆడను మగ చేసి మాట్లాడే సాయిబు. "అమ్మీ వచ్చిండు, అబ్బా వచ్చింది." నా వీడియోలన్నిటికీ ఇదే పల్లవి. మూడో రోజుకు నలభై వేలమంది చూశారు. నా సొంత గొంతుతో, సొంత మాటతో అంతకు ముందు ఆర్నెల్లు ఏవో పెట్టి ఉన్నాను. వాటిని చూసింది మా చెల్లెలు, ఆమె మొగుడు.

ఆ పాత్రకు నేను పెట్టిన పేరు ఇక్కడ చెప్పను. చెబితే మళ్లీ వాడికే నలుగురు ఎక్కువవుతారు. భాయ్ అనుకుందాం.

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను ప్రభుత్వం నిషేధించింది. ఆ రాత్రి చాలామంది ఏడ్చారు. ఏళ్ల తరబడి పోగేసుకున్న మనుషులు ఒక్క పూటలో పోయారు. నాకైతే నిజానికి కొంచెం హాయిగా అనిపించింది, భాయ్ చచ్చాడని. కానీ వారం తిరక్కుండా యూట్యూబ్‌లో వాణ్ని నేనే బతికించాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఈ ముక్క గట్టిగా చెప్పాలి. మన వ్యాసాల్లో తప్పంతా ఎదుటివాడి నెత్తిన పెట్టడం కొంచెం అలవాటైపోయింది. మెజారిటీ సమాజం నవ్వింది నిజమే, కానీ నవ్వు టికెట్లు అమ్ముకున్నది నేను. యూట్యూబ్‌లో డబ్బులు మొదలవ్వాలంటే అప్పటి లెక్కకు వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగువేల గంటలు జనం చూసినట్టు ఉండాలి. మామూలు మనిషికి ఏడాదీ రెండేళ్లూ పట్టే పని. భాయ్ దాన్ని రెండు నెలల్లో దాటాడు. 2023 నాటికి నాలుగు లక్షల అరవై వేలమంది. జేజి కంటి ఆపరేషనూ, ఇంటికి పైకప్పూ, చెల్లెలి కాన్పు ఖర్చూ వాడే ఇచ్చాడు. వాణ్ని తిట్టేటప్పుడు ఇది మరిచిపోతే నేను ఇంకో అబద్ధం ఆడినట్టు.

అయితే మనిషి పెరుగుతాడు. పాత చొక్కా భుజాల దగ్గర పడుతుంది. నాకు ముప్పై దాటింది, పెళ్లైంది, ఒకరిద్దరు పెద్దల్ని మట్టిలో పెట్టి వచ్చాను. చావు ఇంటి నుంచి వచ్చి సుర్మా పెట్టుకుని "అబ్బా వచ్చింది" అనాలి, ఎందుకంటే శుక్రవారం వీడియో పడాలి. భాయ్‌కి పెళ్లి లేదు, వయసు లేదు, చావు లేదు. వాడికి కోపం రాకూడదు. బుల్డోజర్ వార్త చదివిన రోజు కూడా వాడు పళ్లికిలించాలి. ఒకసారి వాడి చేత కొంచెం బాధగా మాట్లాడించాను. జనం "ఇదేంది భాయ్, నవ్వించు" అన్నారు. వాళ్ల తప్పు లేదు. సర్కసుకు టికెట్టు కొన్నవాడికి సర్కసే చూపించాలి.

ఇంతవరకే అయితే ఇది విసుగు. విసుగు ధర్మసందేహం కాదు. విసుగు పుట్టిన నటుడు వేషం మార్చుకుంటాడు, అంతటితో అయిపోతుంది. నా విషయంలో అట్లా కాలేదు, మా మేనల్లుడి వల్ల.

వాడప్పుడు ఆరో తరగతి. బళ్లో తల్లిదండ్రుల సమావేశానికి మా బావ పోయాడు. మేస్త్రీ పని చేస్తాడు, సున్నం మరకల చొక్కాతోనే పోయాడు. గేటు దగ్గర పిల్లలు మావాడితో అన్నారట: "ఒరేయ్, మీ అబ్బా వచ్చిందిరా!" మావాడు తండ్రిని జీవితంలో ఎన్నడూ అబ్బా అనలేదు. నాయన అంటాడు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి నన్నే అడిగాడు. "మామా, మనం అట్లా మాట్లాడం గదా. మరి నువ్వెందుకు మాట్లాడతాండావు?"

నేను చెప్పిన జవాబు: "అది ఆట లేరా." వాడన్నాడు: "నువ్వు ఆడుకుంటాండావు. నన్ను గదా పిలుస్తాండారు."

నవ్వులో తప్పేముంది అని అడిగే మిత్రులు ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది నిజమైన లౌకికవాదులు, నాకు కష్టమొస్తే నిలబడేవాళ్లు. వాళ్లకు ఒక పాత సినిమా గుర్తుచేస్తాను. 1968లో హిందీలో వచ్చిన పడోసన్. అందులో మద్రాసీ సంగీతం మాస్టారు వేషం, ముద్దముద్దగా, తప్పుతప్పుగా హిందీ మాట్లాడే వేషం, వేసింది మెహమూద్. దేశమంతా పడిపడి నవ్వింది. కానీ అదే నవ్వు పట్టుకుని ఉత్తరాదిలో రైలెక్కిన ప్రతి తెలుగువాణ్నీ "ఏయ్ మద్రాసీ" అన్నప్పుడు మీకు ఎట్లా ఉండేది? తెలుగు వాడి హిందీలో లింగం తప్పకుండా ఉంటుందా? మనకు బల్లా కుర్చీలకు ఆడా మగా లేదు, హిందీలో ఉంది. ఉర్దూ ఇంట్లో పుట్టినవాడికి తెలుగులో ఆడమనిషికీ గేదెకూ ఒకే "వచ్చింది" అని చెబితే తడబడడా? రెండూ ఒకే రకం తడబాటు. ఒకటి మనకు గుచ్చుకుంది, ఇంకొకటి మనల్ని నవ్వించింది. పైగా మెహమూద్ ముస్లిం. ఎవరి వేషం ఎవరు వేసినా నవ్వు ఎప్పుడూ సందులో ఒంటరిగా నడుస్తున్న పిల్లవాడి దగ్గరకే వచ్చి ఆగుతుంది.

సరే, మానెయ్యాలనుకున్నాను. 2024 మొదట్లో మానేశాను. మానేసిన తర్వాతే అసలు చిక్కులు మొదలయ్యాయి.

మొదటి చిక్కు: ఆ నాలుగు లక్షల అరవై వేలమందిని ఏం చేయాలి? ఈ పనిలో ఉన్నవాళ్లంతా ఒకే సలహా చెప్పారు. పేరు మార్చు, బొమ్మ మార్చు, నెమ్మది నెమ్మదిగా మాట మార్చు, జనం గమనించకుండా నీతోపాటు వచ్చేస్తారు. చానల్ పేరు మార్చడం నిమిషం పని. నష్టం లేని దారి. కానీ నాకు అది పాడైన కల్లు కుండకు పాలకుండ అని సున్నంతో రాసినట్టు తోచింది. వాళ్లు పేరు నొక్కింది నా కోసం కాదు, భాయ్ కోసం. వాళ్లు ఇచ్చిన మాట వాడికి ఇచ్చారు. గమనించకుండా తీసుకుపోవడం అంటే ఏమిటి? నిద్రపోతున్నవాణ్ని మంచంతో సహా ఇంకో ఊరికి మోసుకుపోవడం.

ఇంకో ఆయన చానల్‌ను కొనుక్కుంటానన్నాడు. పాత్రతో సహా. వేషం వేయడానికి కుర్రవాడు కూడా సిద్ధంగా ఉన్నాడట, ముస్లిం కాదట, "అయితే ఏముంది భాయ్, టోపీ పెడితే సరి" అన్నాడు. ఆయన చెప్పిన మొత్తం మా బావ మూడేళ్ల కూలి. వారం రోజులు సరిగా నిద్ర లేదు. ఇస్తే భాయ్ నా చేతుల్లోంచి పోతాడు, పాపం ఇంకొకడి ఖాతాలో పడుతుంది. ఎంత చక్కని లెక్క! వద్దన్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు, మా మేనల్లుడి మొహం మళ్లీ చూడాలి కాబట్టి వద్దన్నాను.

ఆ రోజుల్లో ఇమాం గజాలీ కథ చాలాసార్లు గుర్తొచ్చింది. మతం కోసం కాదు, ఆయన చేసిన పని కోసం. 1091లో బాగ్దాదు నిజామియా మదర్సాలో పెద్ద ఆచార్య పదవి. ఊరంతా ఆయన పాఠం వినడానికి వచ్చేది. నాలుగేళ్లకు, 1095లో, నాలుక పడిపోయింది. పాఠం చెప్పాలంటే మాట రాలేదు. తాను చెబుతున్నది దేవుడి కోసం కాదు, పేరు కోసం అని తనకే తెలిసిపోయింది. అన్నీ వదిలి వెళ్లిపోయాడు. నాకు ఇష్టమైన విషయం ఏమిటంటే, పోతూ పోతూ అబద్ధం చెప్పాడు. మక్కా పోతున్నానన్నాడు, మనసులో పెట్టుకున్నది షాం దేశం. నిజం చెబితే ఖలీఫా, స్నేహితులు పోనివ్వరని. ఇదంతా ఆయనే రాసుకున్నాడు. నేను కూడా జనానికి "చిన్న విరామం" అని చెప్పే మాయమయ్యాను. అంతటివాడికే నిజం చెప్పడం చేతకాలేదన్నది నాకు కొంత ఊరట.

పదేళ్లు దాటాక, 1106లో, గజాలీ మళ్లీ నిషాపూరులో పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. పైకి చూస్తే వెనక్కి వచ్చినట్టే. వచ్చింది అదే పనికి అయినా, ఇంతకుముందు పేరు తెచ్చే చదువు చెప్పాను, ఇప్పుడు పేరును వదిలించే చదువు చెబుతున్నాను, ఇది తిరిగిరావడం కాదు అనే అర్థంలో రాశాడు. ఈ మాట పట్టుకుని ఒక మిత్రుడు నాతో వాదించాడు. "గజాలీ సున్నా నుంచి మొదలుపెట్టాడా? పాత పేరుతోనే గదా వచ్చాడు. నువ్వెందుకు సున్నా అని మొండికేస్తున్నావు? అది అహంకారం కాదా?" రెండు రోజులు ఆలోచించాను. గజాలీ పాత సరుకు చదువు. దాన్ని అమ్మిన ఉద్దేశం చెడ్డది కావచ్చు గానీ సరుకు మంచిదే. నేను అమ్మింది మా బావ నడకని, ఎవరో ఖాలా నోటిని. దొంగ సరుకుతో వచ్చిన గిరాకీని నిజాయితీ కొట్టుకి ఎట్లా మళ్లించేది? అయినా అహంకారం అస్సలు లేదని ప్రమాణం చేయలేను. సున్నా నుంచి మొదలుపెట్టాను అని చెప్పుకోవడంలో కూడా ఒక రుచి ఉంది.

పేరు దగ్గర ఇంకో చిక్కు. 1965లో ఆరుగురు తెలుగు కవులు పాత పేర్లు పారేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని కొత్త పేర్లు పెట్టుకున్నారు. దిగంబర కవులు. ఆ పేర్లలో కులం లేదు, అది వాళ్ల తెగింపు. నేను వాళ్లను గౌరవిస్తాను. కానీ ఆ దారి నాకు లేదు. రెడ్డి, ఆచార్యులు తీసేస్తే మనిషి మిగులుతాడు. నా పేరులో ఏ అక్షరం తీసినా మిగిలిన దాంట్లో ముస్లిం ఉంటాడు, అన్నీ తీసేసి సూర్యకిరణ్ అని పెట్టుకుంటే "ఎందుకు దాచుకున్నాడు?" అని అడుగుతారు. వేషం వేస్తే నవ్వుతారు, వేషం తీస్తే అనుమానిస్తారు. చివరికి మా నాయన పెట్టిన పేరే, దూదేకుల ఇంటిపేరుతో సహా, కొత్త చానల్‌కు పెట్టాను.

పాతబస్తీ కుర్రవాడి సంగతి కూడా చెప్పాలి. నేను చాలా తెలివిగా నిర్ణయం తీసుకున్నానని మురిసిపోతున్న రోజుల్లో కలిశాడు. ఆటో నడుపుతాడు, డిగ్రీ చదివాడు. భాయ్‌ని ఎందుకు మానేశానో చెప్పాను. "అది నకిలీ భాష, నాది కాదు, నా అసలు భాష వేరు" అన్నాను. ఆయన తెలుగులోనే, కొంచెం తడుముకుంటూ అన్నాడు: "నీకు నకిలీ అన్నా. మా ఇంట్లో అమ్మీ గట్లనే మాట్లాడ్తది. నువ్వు మొదలు దాన్ని నవ్వులపాలు చేసినవ్. ఇప్పుడు నకిలీ అంటున్నవ్. రెండుసార్లు కొట్టినట్లు."

నిజం. హైదరాబాదు కట్టిన కులీ కుతుబ్ షా స్వయంగా కవి, ఆయన రాసింది దక్కనీలో. నాలుగువందల ఏళ్లు పైబడిన నోరు అది. దాన్ని నేను సినిమా పెంటలో ఏరుకుని, వాడుకుని, ఇప్పుడు చేతులు కడుక్కుంటున్నాను. ఆ కుర్రవాడే అడిగాడు, అంగ్రేజ్ సినిమా చూశావా అని. 2000ల మధ్యలో వచ్చింది, దక్కనీలోనే తీశారు. అందులో ఇస్మాయిల్ భాయ్ వేసింది ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, ముస్లిం కాదు. "మేం పాతబస్తీల అందరం నవ్వినం. ఇప్పటికీ ఆ డైలాగులు కొడ్తం. ఎందుకంటే గండ్ల అందరూ గట్లనే మాట్లాడ్తరు. నీ దాంట్ల ఒక్కడే గట్ల మాట్లాడ్తడు, చుట్టూ నిలబడి అందరు నవ్వుతరు." నేను ముస్లింనై వేసిన వేషం కుట్టింది, ఆయన ముస్లిం కాకుండా వేసింది కుట్టలేదు. మావాళ్లలో కొందరు అంటారు, ముస్లిం పాత్ర ముస్లిమే రాయాలి, ముస్లిమే వేయాలి అని. నేనూ అనేవాణ్ని. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను.

కాబట్టి భాయ్ లోపల దాక్కున్న "అసలు నేను" ఒకడున్నాడు, ముసుగు తీస్తే వాడు బయటికొచ్చాడు అనే కథ నేను చెప్పను. వినడానికి బాగుంటుంది గానీ అబద్ధం. కొత్త వీడియోలో కూడా కెమెరా ముందు కూర్చునే ముందు చొక్కా మార్చుకుంటాను, గొంతు సవరించుకుంటాను. ఇదీ ఒక వేషమే. తేడా ఒక్కటే, దీనికి ఎవరైనా నవ్వితే నన్ను చూసి నవ్వాలి, నా బదులు ఇంకొకడు దెబ్బ తినడు.

కొత్తదాంట్లో ఏం చేస్తున్నానని అడుగుతారేమో. జేజితో దూది ఏకడం గురించి మాట్లాడించాను. పెద్ద విల్లు, దానికి నరంతో చేసిన తాడు, కొయ్య గూటంతో కొడితే "టంయ్" మని మోత, దూది లేచి మనిషి రెప్పలమీద, మీసాలమీద పడేది. ఊరి పెళ్లిళ్ల పరుపులన్నీ మా తాత ఏకినవే. తర్వాత యంత్రం వచ్చింది, తర్వాత నురుగు పరుపులు వచ్చాయి. కులం పేరు మిగిలింది, పని పోయింది. పదకొండు నెలల్లో ఇరవైరెండు వీడియోలు, తొమ్మిదివందల పైచిలుకు మనుషులు. భాయ్‌కి పూటలో వచ్చేవాళ్లు.

ఇక పాతవి. భాయ్ వీడియోలు రెండువందల అరవై ఉన్నాయి. తుడిచెయ్యనా? గాలిబు మొదట అసద్ అనే తఖల్లుస్‌తో రాసేవాడు, తర్వాత గాలిబ్ అయ్యాడు. 1841లో అచ్చువేసిన దీవానులోకి తన తొలినాటి కవిత్వం చాలావరకు రానివ్వలేదు. ఆయన పోయిన యాభై ఏళ్లకు, 1921లో, భోపాలులో దొరికిన రాతప్రతిలోంచి ఆ వదిలేసినదాంట్లో చాలాభాగం అచ్చైంది. అంతటివాడు తుడిస్తేనే పోలేదు. నావి ఎందరి ఫోన్లలో ముక్కలుముక్కలుగా తిరుగుతున్నాయో. తుడిస్తే నా చేతులు శుభ్రంగా కనబడతాయి, అంతకుమించి జరిగేది లేదు. రేపు ఎవరైనా "నువ్వే గదా ఆ భాయ్" అంటే కాదనడానికి వీలుగా ఉంటుంది. అందుకే తుడవకూడదనిపించింది. మరి ఉంచితే? ఉంచి, డబ్బు తీసుకోవడం మానేస్తే? చానల్ వాళ్లతో భాగస్వామిగా లేకపోయినా దాని వీడియోల మీద ప్రకటనలు వేసుకునే హక్కు యూట్యూబ్ తన నిబంధనల్లో పెట్టుకుంది. నేను పైసా తీసుకోకపోయినా మా బావ మీద జోకు అంగట్లోనే ఉంటుంది.

తౌబాకు పెద్దలు చెప్పే షరతుల్లో ఒకటి ఎప్పుడూ నన్ను ఆపుతుంది. దేవుడికి చేసిన తప్పును దేవుడు మాఫీ చేస్తాడు. మనిషికి చేసిన తప్పుకు ఆ మనిషి దగ్గరకే పోయి అడగాలి. దేవుణ్ని నమ్మని నా మిత్రులకు కూడా ఈ షరతు నచ్చింది. కానీ ఎవరి దగ్గరకు పోవాలి? "అబ్బా వచ్చింది" అనిపించుకున్న పిల్లలు ఎన్ని బళ్లలో ఉన్నారో, నాకెట్లా తెలుస్తుంది?

చివరికి చేసింది ఇది. కేవలం మాట తడబాటు మీదే నిలబడ్డ డెబ్బై వీడియోలు తీసేశాను. మిగతావి ఉంచాను. పాత చానల్‌లో చివరి వీడియో ఒకటి పెట్టాను, టోపీ లేకుండా, సుర్మా లేకుండా, మా ఊరి మాటలో. నేను ఎవరో, మా ఇంట్లో ఏ భాషో, భాయ్ మాటలు ఎక్కడ ఏరుకొచ్చానో చెప్పాను. కొత్త చానల్ పేరు మాత్రం చెప్పలేదు. వెతుక్కుని వచ్చేవాళ్లు వస్తారు. పాతవాటి మీద వచ్చే డబ్బు ఇంకా వస్తోంది, తగ్గుతోంది గానీ వస్తోంది. దాన్ని ముట్టుకోకూడదనుకున్నాను, జేజి మందులకు రెండుసార్లు ముట్టుకున్నాను.

ఆ చివరి వీడియోను మేనల్లుడికి ముందే చూపించాను. మొత్తం చూసి, "బాగుంది మామా" అన్నాడు. వాడిప్పుడు ఎనిమిదో తరగతి. బళ్లో ఇంకా వాణ్ని భాయ్ అనే పిలుస్తున్నారు.